రెండు విత్‌లు

మా వదిన టోకెన్లు పిలుస్తుంది. చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరు దగ్గర పదకొండేళ్లుగా ఆమె ఉద్యోగం అదే. "ఏడు" అంటుంది. ఏడో మనిషి లేవడు. వచ్చేవాళ్లలో సగం మంది చెవులు వినపడకే వస్తారు కాబట్టి ప్రతి నంబరూ రెండుసార్లు పిలవాలి, రెండోసారి వేళ్లు కూడా చూపించాలి. పది దాటితే వేళ్లు చాలవు. అందుకని అట్టముక్కల మీద పెద్ద పెద్ద అంకెలు రాసి పెట్టుకుంది.

ఆమె కుర్చీకి ఎడమ పక్కన గోడలో ఒక కిటికీ ఉంది. డాక్టరు రాసిన మందులు అక్కడ ఇస్తారు. దాని మీద నీలం రంగుతో ఇంగ్లీషులో 'డిస్పెన్సింగ్ కౌంటర్' అని రాసి ఉంటుంది. ఏళ్ల తరబడి ఒక మాట పక్కన కూర్చున్న మనిషి ఆ మాటకి అర్థం తనకి తెలుసనుకోవడం సహజం. వదిన కూడా అలాగే అనుకుంది. మా ఇంట్లో జరిగిందంతా అక్కడే మొదలైంది.

నా గురించి రెండు ముక్కలు చెప్పి పక్కకి తప్పుకుంటాను. నేను ఆమె ఆడపడుచుని, జిరాక్స్ షాపు నడుపుతాను. ఫొటోకాపీలు, లామినేషన్, ఉద్యోగ పరీక్షలకు ఆన్‌లైన్ దరఖాస్తులు. పెళ్లి మీద నాకు ఆసక్తి లేదు, దానికీ నా మీద లేదు, అందుకని అమ్మతో, అన్నయ్యతో, వదినతో ఒకే ఇంట్లో ఉంటాను. పన్నెండేళ్లలో కొన్ని వేల దరఖాస్తులు నింపాను. ఫొటోలో నవ్వినవాళ్లకి ఉద్యోగం రాదు. ఇది నేను కనిపెట్టిన సూత్రం. ఎవరూ అడగలేదు, నేనే చెబుతూ ఉంటాను.

అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. అప్పట్లో ఒక పెద్ద భవనంలో ఎనిమిది లిఫ్టులు అతని చేతి కింద ఉండేవి. తొమ్మిదేళ్లు చేసినా ఉద్యోగం తాత్కాలికమే. ఈ ఏడు పర్మనెంట్ చేస్తాం, వచ్చే ఏడు చేస్తాం అని కంపెనీ అంటూ ఉండేది, అన్నయ్య వింటూ ఉండేవాడు. నోట్లో నాలుక లేని మనిషి అంటారు కదా, అలా అనడానికి వీల్లేదు. నాలుక ఉంది, భోజనానికి వాడతాడు.

నాలుగేళ్ల కిందట ఒక శనివారం మధ్యాహ్నం కంపెనీ నుంచి అతనికి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. మొత్తం నాలుగు లైన్లు. ఇంట్లో ఇంగ్లీషు కాగితాలు చదివే బాధ్యత వదినది. డాక్టరు చేతిరాత చదవగలిగిన మనిషికి అచ్చులో ఉన్నది ఒక లెక్కా అని మా అందరి నమ్మకం. వదిన నిలబడే చదివింది. 'యువర్ సర్వీసెస్ స్టాండ్ డిస్పెన్స్‌డ్ విత్ విత్ ఎఫెక్ట్ ఫ్రమ్ ది ఫస్ట్' అని ఉంది అందులో.

"ఇక్కడ విత్ రెండుసార్లు కొట్టారు" అంది వదిన. "టైపు చేసినవాడు కునుకు తీసుంటాడు."

ఒక విత్‌ని తీసి పక్కన పెట్టి, మిగిలినదానికి అర్థం చెప్పింది. సర్వీసెస్ అంటే సర్వీసు. డిస్పెన్స్ అంటే ఇవ్వడం. మందులిచ్చే కిటికీ మీద ఉన్న మాటే. విత్ ఎఫెక్ట్ ఫ్రమ్ అంటే ఫలానా రోజు నుంచి అమల్లోకి రావడం.

"ఒకటో తారీఖు నుంచి మీకు సర్వీసు ఇచ్చేస్తున్నారండీ. పర్మనెంట్ అయిపోయింది."

అన్నయ్య "ఆహా" అన్నాడు. అతని లెక్కలో అది ఉపన్యాసం. అమ్మ కళ్లు తుడుచుకుంది. నేను ఊరుకోవచ్చు కదా. కాగితం అందుకుని, పైనుంచి కిందదాకా చూసి, "అవును, అదే" అని, షాపుకి తీసుకెళ్లి లామినేట్ చేసి పట్టుకొచ్చాను.

ఒకటో తారీఖు సోమవారం వచ్చింది. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉత్తరం సంచిలో పెట్టుకుని ఎనిమిదింటికి బయల్దేరాడు. పదిన్నరకి తిరిగొచ్చాడు. బూట్లు విప్పి గుమ్మం పక్కన సరిగ్గా జత కలిపి పెట్టాడు. "వద్దంటున్నారు" అన్నాడు. ఆ రోజు అంతకన్నా ఏమీ చెప్పలేదు. అతనితో పనిచేసిన మనిషి ద్వారా మిగతాది తర్వాత తెలిసింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఉత్తరం తీసుకుని చదివి, అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, దీన్ని లామినేషన్ ఎందుకు చేయించారు?" అని అడిగాడట.

డిస్పెన్స్ అంటే ఇవ్వడమే. డిస్పెన్స్ విత్ అంటే మాత్రం ఇక అక్కర్లేదని తీసేయడం. వదిన పక్కన పెట్టిన ఆ ఒక్క విత్‌లో అన్నయ్య ఉద్యోగం పోయింది. సరిగ్గా చదివినా పోయేదే, అది నిజం. కానీ ఇస్త్రీ చొక్కాతో గేటు దాకా వెళ్లేవాడు కాదు.

అన్నయ్య నాలుగు నెలలు ఇంట్లో కూర్చుని, తర్వాత చిన్న చిన్న భవనాల లిఫ్టులు చూసే పనిలో కుదురుకున్నాడు. వదినని ఒక్క మాట అనలేదు. తిట్టలేదు, దెప్పలేదు, ఆ ఊసే ఎత్తలేదు. తిట్టి ఉంటే ఆమె నాలుగు రోజులు ఏడ్చి మర్చిపోయేది. ఏమీ అనకపోయేసరికి ఆ మాట ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది.

పైగా ఇల్లు ఊరుకోలేదు. అప్పటి నుంచి ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా వదిన చేతిని దాటి నా చేతికి వచ్చేది. కొత్త కుక్కర్‌తో వచ్చిన పుస్తకం నేనే చదివాను. దగ్గు మందు సీసా మీద ఎన్ని చెంచాలో తెలుసుకోవడానికి అమ్మ ఎదురింటికి వెళ్లొచ్చింది. వదిన ఆ టైంలో పక్కగదిలో బట్టలు మడతపెడుతోంది, ఆమె పనిచేసేది గొంతు డాక్టరు దగ్గర. ఆ ఉత్తరాన్ని నేను కూడా చదివి 'అవును, అదే' అన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు. నేను గుర్తుచేయలేదు. ఈ విషయంలో నా మీద నాకు పెద్ద గౌరవం లేదు.

పోయిన ఏడాది మా షాపు కంప్యూటర్లో ఒక ప్రకటన కనిపించింది. ఒక పెద్ద ఆఫీసులో ఉత్తరాల విభాగానికి గుమస్తాలు కావాలి. ఇంగ్లీషులో వచ్చిన ఉత్తరాలు చదివి, వాటికి ఇంగ్లీషులో జవాబులు రాయడమే పని. ముందు రాత పరీక్ష, తర్వాత ఇంటర్వ్యూ, ఆఖరున టైపింగ్ పరీక్ష. వయసు ముప్ఫై ఐదు దాటకూడదు. వదినకి ముప్ఫై నాలుగు నిండి ఐదు నెలలు.

క్లినిక్‌కి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా విరామం. ఆ టైంలో ఆమె షాపుకి వచ్చి ప్రకటన మూడుసార్లు చదివింది. "నాది నింపు" అంది.

"ఇంగ్లీషు గట్టిగా ఉంటుంది వదినా. గట్టి గట్టి మాటలు అడుగుతారు."

"తెలుసు. వచ్చే ఏడు నాకు వయసు దాటిపోతుంది. ఇదొక్కసారే."

"ఉద్యోగం అంత అవసరమా ఇప్పుడు?"

"ఉద్యోగం కాదు" అంది. "ఉద్యోగమే అనుకో. కానీ ఇంట్లోకి ఒక కాగితం వస్తే నా చేతికివ్వాలి. అది నేను చదివి చెబితే, ఆయన మళ్లీ నమ్మాలి."

ఫొటోలో నవ్వలేదు. అది నాకు నచ్చింది.

గట్టి మాటలు నేర్చుకోవడానికి పేపర్ చదవమని అందరూ చెబుతారు. నేను కూడా కౌంటర్ దగ్గరకి వచ్చిన ప్రతివాడికీ చెప్పి పంపేదాన్ని. వాళ్లు వారం చదివి మానేస్తారని నాకు తెలుసు, వాళ్లకీ తెలుసు. వదిన మానలేదు. క్లినిక్‌కి రోజూ ఒక ఇంగ్లీషు పేపర్ వస్తుంది. డాక్టరు గారు తెప్పిస్తారు, పేషెంట్లు విసురుకోవడానికి వాడతారు. సాయంత్రం మూసే టైంకి దాన్ని మడతలు సాపు చేసి ఇంటికి తెచ్చేది. రోజుకి అయిదు మాటలు. అన్నీ సంపాదకీయం నుంచే, ఎందుకంటే మిగతా పేజీల్లో మాటలు మెత్తగా ఉంటాయట.

ఆమె నోటుపుస్తకంలో పేజీకి మూడు గళ్లు. మొదటి గడిలో మాట. రెండో గడిలో తెలుగులో అర్థం. మూడో గడి పైన 'ఎవరు' అని రాసుకుంది. కొత్త మాట ఏదైనా ఆ రోజే ఒక మనిషికో వస్తువుకో అంటించి, పైకి ఒకసారి అనాలి. లేకపోతే అది లెక్కలోకి రాదు. నియమం ఆమె పెట్టుకున్నదే. అనుభవించినవాళ్లం మేము.

ఒకరోజు పొద్దున్నే అమ్మ కళ్లజోడు ఎక్కడ పెట్టిందో మర్చిపోయి వెతుక్కుంటోంది. వదిన వంటగదిలోంచి తల బయటపెట్టి, "అత్తయ్యా, మీ కళ్లజోడు ఎలూసివ్" అంది.

"ఎవరు తీశారు?" అంది అమ్మ.

"తీయలేదు. ఎలూసివ్ అంటే దొరక్కుండా తప్పించుకునేది."

"దొరికాక చెప్పు ఆ ముక్క" అని అమ్మ మంచం కిందికి వంగింది.

నాలుగు నెలలు గడిచేసరికి అమ్మకే ఆ రోగం అంటుకుంది. కూరగాయల బండి దగ్గర వంకాయల ధర విని, అమ్మ చాలా ప్రశాంతంగా "ప్రిపోస్టరస్" అంది. బండి అతను కాసేపు ఆలోచించి నాలుగు మిరపకాయలు ఎక్కువ వేశాడు. అప్పటి నుంచి ఇంగ్లీషు చదువు మీద అమ్మకి గౌరవం పెరిగింది. అయినా మందు సీసాలు మాత్రం ఎదురింటికే వెళ్లాయి.

ఒక ఆదివారం భోజనాల దగ్గర వదిన కొంచెం కలవరంగా కనిపించింది. "శాంక్షన్ అంటే ఏంటి?" అని అడిగింది.

"అదేముంది, ఇవ్వడం. సెలవు శాంక్షన్ అయిందంటాం కదా" అన్నాను.

"పేపర్లో ఒక దేశం మీద ఇంకో దేశం శాంక్షన్లు పెట్టిందని ఉంది. అంటే ఏమీ ఇవ్వకుండా ఆపడమట. రెండూ ఒకే మాట."

అన్నయ్య ముద్ద కలుపుతున్నవాడల్లా ఆగాడు. "ఇవ్వడానికీ ఆపడానికీ ఒకటే మాటైతే ఆఫీసుల్లో పనెలా జరుగుతుంది?" అన్నాడు.

"జరగట్లేదు కదా" అన్నాను నేను.

వదిన నవ్వలేదు. ఇవ్వడం అనుకున్నది తీసేయడం అవడం ఆమెకి జోకు కాదు. ఆ మధ్యాహ్నం డిక్షనరీ పట్టుకుని కూర్చుని, తనకి తెలుసనుకున్న మాటలన్నీ మళ్లీ మొదటి నుంచి వెతికింది. టేబుల్, చెయిర్, డోర్ కూడా వదల్లేదు. తెలియని మాటల వల్ల ఎప్పుడూ ప్రమాదం లేదని, తెలిసిన మాటలే ముంచుతాయని ఆమె వాదన.

ఇక్కడ ఆ పేపర్లో ఉన్న చిక్కొకటి చెప్పాలి. డాక్టరు గారికి క్రాస్‌వర్డ్ పిచ్చి. పొద్దున రాగానే ఆ చదరం చింపుకుని జేబులో పెట్టుకుంటారు, పేషెంటుకీ పేషెంటుకీ మధ్య నింపుతారు. ఆ చదరానికి సరిగ్గా వెనక వైపు సంపాదకీయం చివరి పేరా ఉంటుంది. అంటే వదిన చేతికి వచ్చేసరికి ప్రతి సంపాదకీయానికీ అడుగున అరచేయంత కన్నం. ఒక పక్కన ఇలా ఉంది, మరో పక్కన అలా ఉంది, ఇన్ని కారణాల దృష్ట్యా, అని బాగా ఊపందుకుంటుంది. అక్కడ కన్నం. కన్నంలోంచి మా వంటగది గట్టు కనిపిస్తుంది.

"అడగొచ్చు కదా డాక్టరు గారిని" అన్నాను.

"ఏమని? టోకెన్లు పిలిచే మనిషికి సంపాదకీయం పూర్తిగా కావాలనా?"

అడగలేదు. దానికి బదులు ఆ కన్నం కొలతకి సరిపడా తెల్లకాగితం కత్తిరించి, వెనకనుంచి అతికించి, చివరి పేరా తనే ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టింది. మొదట్లో రెండు వాక్యాలకి గంట పట్టేది. విరామంలో మా షాపులో జిరాక్స్ మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, పెన్ను మూత కొరుకుతూ, దేశం ఏం చేయాలో నిర్ణయించేది. అక్కడ కూర్చుని ఆమె రెండుసార్లు పన్నులు తగ్గించింది. ఒక వంతెన పడగొట్టించింది. ఒక మంత్రిని ఇంటికి పంపింది. నాలుగింటికి లేచి వెళ్లి టోకెన్లు పిలిచేది.

ఒకరోజు ఆమె నోటుపుస్తకం షాపులో మర్చిపోయింది. చూడకూడదు. చూశాను. మూడో గడిలో నా కోసం వెతికాను. కాస్టిక్: మాటలతో కాల్చేది. ఎవరు: ఆడపడుచు. ఇంకా రెండు మూడు చోట్ల ఉన్నాను, అవి ఇక్కడ అక్కర్లేదు. అమ్మ పద్నాలుగు చోట్ల ఉంది. డాక్టరు గారు అబ్సెసివ్. మా ఫ్యాను ఇంటర్మిటెంట్, అంటే ఆగి ఆగి తిరిగేది.

టాసిటర్న్ అనే మాట దగ్గర నా వేలు ఆగింది. అర్థం: తక్కువ మాట్లాడేవాడు. ఎవరు: ఆయన. దాని పక్కన చిన్న అక్షరాలతో 'నా వల్ల' అని ఉంది.

అది తప్పు. అన్నయ్య పుట్టినప్పటి నుంచీ అంతే. మూడేళ్లు వచ్చేదాకా మాట్లాడలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. కానీ వదిన తన పెళ్లికి ముందు సంగతి లెక్కలోకి తీసుకోలేదు, ఆ ఉత్తరం నుంచే లెక్కపెట్టింది. మొదటి పేజీకి తిప్పాను. మొదటి మాట డిస్పెన్స్ విత్. అర్థం: అక్కర్లేదని తీసేయడం. ఎవరు: నేను.

పుస్తకం మూసేశాను. ఎవరో ఆధార్ కార్డు రెండు వైపులా తీయమన్నారు, ఒక వైపే రెండుసార్లు తీసి ఇచ్చాను. నాకు ఏడుపొచ్చింది, ఆ సంగతి అతనికి తెలియదు, కాగితం బాగోలేదని మాత్రం గొణుక్కుంటూ వెళ్లాడు.

పరీక్షకి రెండు నెలల ముందు డాక్టరు గారి క్రాస్‌వర్డ్ ఒక చోట ఆగిపోయింది. ఆ ధ్యాసలో ఉన్నారేమో, లోపలినుంచి ఇంటర్‌కమ్‌లో వదినకి ఫోను చేసి, పన్నెండో టోకెను పంపమని చెప్పి, పెట్టేయకుండా, "మొండివాడు, తొమ్మిది అక్షరాలు, ఓ తో మొదలు" అని తనలో తాను గొణుక్కున్నారట.

"ఆబ్‌స్టినేట్" అంది వదిన.

హాల్లో పేషెంట్లు తలెత్తి చూశారు. పన్నెండో టోకెను ఆయన లేచి, ఆ మందు భోజనానికి ముందా తర్వాతా అని అడిగాడు.

ఆ సాయంత్రం డాక్టరు గారు నింపిన క్రాస్‌వర్డ్ ముక్క తెచ్చి వదిన బల్ల మీద పెట్టి, "దీని వెనక మీకేదో కావాల్సింది ఉంటుందని తట్టలేదమ్మా" అన్నారు. రోజూ పేపర్ తీసుకెళ్లడం ఆయన చూస్తూనే ఉన్నారన్నమాట. అప్పటి నుంచి ఆ ముక్క రోజూ సాయంత్రానికి ఆమె బల్ల మీదకి వచ్చేది.

వదిన ఇంటికొచ్చి మొదటిసారి ఒక సంపాదకీయం చివరిదాకా చదివింది. నా కళ్లముందే చదివింది. మొహం వాడిపోయింది.

"ఏమంది?" అన్నాను.

"సంబంధిత అధికారులు తగిన చర్యలు తీసుకోవాలంది."

మర్నాడు కాలమే చెప్పాలంది. ఆ మర్నాడు అందరూ కలిసి ఆలోచించాలంది. వారం చూసి వదిన ఆ ముక్కలు చదవడం మానేసింది. డాక్టరు గారు నొచ్చుకుంటారని ఇంటికి తెచ్చి, అమ్మ మంచం కోడు కింద ఎత్తుకి పెట్టింది. మళ్లీ తెల్లకాగితం కత్తిరించుకుంది. ఈసారి వాక్యాలు గంట పట్టలేదు.

రాత పరీక్షలో వ్యాసం ఉంది. యంత్రాలు మనుషుల పని తీసుకోవచ్చా అని. హాల్లో అందరూ కాలమే చెప్పాలని రాసి ఉంటారు. వదిన ఒక పక్క, మరో పక్క అని పద్ధతిగా రాసుకొచ్చి, ఆఖరున, మనిషిని తీసేసేటప్పుడు ఆ సంగతి అతనికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి అని రాసి వచ్చేసింది. ప్రశ్నకి అది జవాబు కాదని నేను అన్నాను. "నాకు తెలిసిన జవాబు అది" అంది. రాత పరీక్ష పాసయింది. ఇంటర్వ్యూకి కూడా వెళ్లొచ్చింది. ఏం అడిగారో గానీ, ఆమె ప్రతి ప్రశ్ననీ వాళ్లని రెండుసార్లు అడగనిచ్చిందట. వినపడక కాదు, అలవాటు.

మిగిలింది టైపింగ్. నిమిషానికి ముప్ఫై మాటలు కొట్టాలి. మా షాపు కంప్యూటర్ మీద ఆమె ఇరవై రెండు దాటలేదు. పైగా మాట మాటకీ ఆగి, కొట్టింది సరిగ్గా ఉందో లేదో చూసుకునేది. ఒక మాట రెండుసార్లు పడితే అంతా చెరిపేసి మళ్లీ మొదటి నుంచి కొట్టేది. "చూసుకోకు వదినా, కొట్టుకుంటూ పో" అని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. చూసుకోకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు. వయసు దాటడానికి ఇంక పంతొమ్మిది రోజులు.

శనివారం మధ్యాహ్నం ఉత్తరం వచ్చింది. అందరం ఇంట్లోనే ఉన్నాం. తీసుకున్నది అన్నయ్య. కవరు మీద వదిన పేరు చూసి ఆమె చేతికిచ్చాడు. నాలుగేళ్లలో ఆ ఇంట్లో ఇంగ్లీషు కాగితం ఆమె చేతికి నేరుగా వెళ్లడం అదే మొదటిసారి. పేరు ఆమెదే కాబట్టి వేరే దారి లేదు, అది వేరే సంగతి.

అమ్మ "వచ్చిందా రాలేదా?" అంది.

"మొత్తం చదవకుండా చెప్పను" అంది వదిన. కుర్చీలో కూర్చుంది. ఆమె ఇప్పుడు ఏదీ నిలబడి చదవదు. కాగితం విప్పి, పైన అచ్చయిన ఆఫీసు చిరునామాతో మొదలుపెట్టి, గట్టిగా, ఒక్కో మాటే, ఇంగ్లీషులో చదవసాగింది. టోకెన్లు పిలిచే గొంతే.

మొదటి పేరాలో పరీక్ష నంబరు, ఇంటర్వ్యూ తేదీ. రెండో పేరాకి వచ్చింది. "ది టైపింగ్ టెస్ట్ ఇన్ యువర్ కేస్ స్టాండ్స్ డిస్పెన్స్‌డ్ విత్..."

అన్నయ్య లేచి నిలబడ్డాడు. జీవితంలో అతనికి బాగా తెలిసిన ఇంగ్లీషు అదొక్కటే. మూడడుగుల్లో వచ్చి ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"చాల్లే. ఇక చదవకు" అన్నాడు.

"ఏవండీ..."

"పోతే పోయింది. నేను చెప్పేది విను." ఇంత పొడుగు వాక్యాలు అతని నోట మేము వినలేదు, అమ్మ చేతిలో పని ఆపేసింది. "ఆ రోజు గేటు దగ్గర నన్ను ఆపితే నాకు ఉద్యోగం సంగతి గుర్తురాలేదు. ఇంట్లో నువ్వు చదివి చెప్పావు కదా, అంత సంతోషంగా చెప్పావు కదా, ఇప్పుడెళ్లి నీకెలా చెప్పాలా అని గంట సేపు బస్‌స్టాపులో కూర్చున్నాను. ఎలా చెప్పాలో తెలీలేదు. ఇప్పటికీ తెలీలేదు. అందుకే ఎత్తలేదు. నీ మీద కోపం కాదు. ఎప్పుడూ కాదు."

వదిన కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. నాకు ఆ నోటుపుస్తకంలో చిన్న అక్షరాలు గుర్తొచ్చాయి. నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఒకరు తప్పు చేశానని, ఇంకొకరు చెప్పలేకపోయానని ఊరుకున్నారు. మధ్యలో అంతా చూస్తూ, అన్నీ తెలిసినట్టు మాట్లాడుతూ నేను. సిగ్గేసింది.

"ఆ ఉత్తరం నేనూ చదివాను" అన్నాను. "అవును, అదే అన్నది నేనే. లామినేట్ చేసింది కూడా నేనే. వదిన ఒక్కతే కాదు."

"తెలుసు" అన్నాడు అన్నయ్య. "గేటు దగ్గర దాన్ని చించి పారేద్దామనుకున్నాను. చినగలేదు."

వదిన ముక్కు ఎగబీల్చి గొంతు సవరించుకుంది. "ఇప్పుడు నన్ను చదవనిస్తారా?" అంది.

"వద్దంటున్నాను కదా."

"అక్కర్లేదని తీసేసింది నన్ను కాదండీ. టైపింగ్ పరీక్షని."

అన్నయ్యకి అర్థం కాలేదు. నాకు ముందు అర్థమైంది, కానీ ఈసారి నోరు తెరవలేదు. అతను ఆమె మొహం కేసి, కాగితం కేసి చూశాడు. "ఏ విత్?" అన్నాడు.

"ఒకటే విత్ ఉంది. చూడండి. ఇక్కడ. టైపింగ్ పరీక్ష అక్కర్లేదన్నారు. ఇంకో పేరా ఉంది, ఉండండి."

ఆఖరి పేరా చదివింది. ఆ పేరాకి కన్నం లేదు. తగిన చర్యలు లేవు, కాలం చెప్పాల్సింది ఏమీ లేదు. ఒకటో తారీఖు పొద్దున పదింటికి ఉత్తరాల విభాగంలో హాజరు కావాలని ఉంది. కింద సంతకం, సంతకం కింద పేరు, పేరు కింద హోదా అన్నీ వదలకుండా చదివి, కాగితం ఒళ్లో పెట్టుకుని, తెలుగులో చెప్పింది.

"నాకు ఉద్యోగం వచ్చింది."

అమ్మ నా వైపు చూసింది. నాలుగేళ్ల అలవాటు, ఇంగ్లీషు కాగితం అంటే నా వైపే చూస్తుంది. నేను తల అడ్డంగా ఊపి, వదిన వైపు చూపించాను. అమ్మ అటు తిరిగింది. అన్నయ్య అప్పటికే అటే చూస్తున్నాడు.

"నువ్వు చదివావు కదా" అన్నాడు. "అయితే వచ్చినట్టే."

టైపింగ్ పరీక్ష ఎందుకు తీసేశారో తర్వాత తెలిసింది. అది పెట్టడానికి ఆ ఆఫీసులో కంప్యూటర్లు పనిచేయడం లేదట. ఆ రోజు ఇవేవీ మాకు పట్టలేదు. నేను కళ్లు తుడుచుకుని, షాపు తాళాలు తీసుకుని, చెయ్యి చాపి, "ఇలా ఇవ్వు వదినా, లామినేట్ చేసి తెస్తాను" అన్నాను.

అన్నయ్య ఆ కాగితం నాకందకుండా తీసి, మడత నలగకుండా తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ముందు చేరనివ్వు" అన్నాడు.